వద్దనకండి, ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకోండి

మొదటిసారి క్రైస్తవ వైద్య సేవా బృందంతో వెళ్తున్నానని, అక్కడి పేద కుటుంబం ఉన్నదంతా తెచ్చి మీ ముందు పెడితే తినాలా, మర్యాదగా వద్దనాలా అని అడిగారు. నేను నర్సును. ఇలాంటి శిబిరాలకు నాలుగుసార్లు వెళ్లాను. మొదటి శిబిరంలో జరిగిన సంగతే మీ ప్రశ్నకు నా జవాబు.

మేము చేరేసరికి బాగా పొద్దుపోయింది. మాకు బస ఇచ్చిన ఇంట్లో ఉన్నవి రెండే మంచాలు, రెండూ మాకే వేశారు. దుప్పట్ల మడతలు ఇంకా విడలేదు, ఎవరో చుట్టాల కోసం దాచుకున్నవని చూస్తేనే తెలిసింది. ఇంటావిడ కొసరి కొసరి వడ్డించింది. "మీరు తినండమ్మా, మేము తర్వాత తింటాం" అంటే నమ్మాను. మారు వడ్డించుకున్నాను కూడా. అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేచినప్పుడు గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఎంత పొందికైన ఇల్లాలో అనుకుని మళ్లీ పడుకున్నాను.

మర్నాడు శిబిరంలో హిమోగ్లోబిన్ చూసే పని నాది. అందరి పనులూ అయ్యాక, మధ్యాహ్నం వరుసలో చివరగా ఆవిడ వచ్చింది. వేలు గుచ్చి చూస్తే డెసిలీటరు రక్తానికి 7.1 గ్రాములు. యంత్రం తప్పు చూపిందేమోనని కొత్త స్ట్రిప్‌తో మళ్లీ చూశాను, 7.2. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోందని, ఎప్పటినుంచో ఇలాగే ఉందని మామూలుగా చెప్పింది. అప్పుడు నాకు ఆ బోర్లించిన గిన్నెలు గుర్తొచ్చాయి. అంత త్వరగా కడిగేశారంటే వాటిలో మిగిలిందేమీ లేదన్నమాట. ఆవిడ ముఖంలోకి చూడలేక కాసేపు కాగితం మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాను.

డాక్టరుగారు చూసి నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నెలకు సరిపడా ఐరన్ మాత్రలు ఇచ్చారు. కానీ ఐరన్ నెలతో ముగిసే వైద్యం కాదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడాలి, లేకపోతే ఒంట్లో నిల్వలు నిండవు. మేమేమో మూడు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లం. ఆవిడ పేరును అక్కడి ఆరోగ్య కార్యకర్త చేతికి అప్పగించడం ఒక్కటే నేను చేయగలిగిన పని.

ఇక ఆ ఇంట్లో తినకూడదని మా బృందానికి గట్టిగా చెప్పాను. స్థానిక క్రైస్తవ సంఘ కాపరి (పాస్టరు) భార్య నన్ను ఆపింది. "ఇవాళ మీరు వేరేచోట తింటే రేపు ఆమె తలెత్తుకుని తిరగగలదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం మేము కొన్న సరుకులు సంఘం తరఫున ఆ ఇంటికి చేర్చింది ఆ కాపరి భార్యే. రాత్రి నా పక్కన చోటు చూపించి, మీరు కూర్చుంటేనే తింటానని ఇంటావిడతో అన్నాను. చాలాసేపు మొహమాటపడి కూర్చుంది. ఆ భోజనం నేను మర్చిపోలేదు.

తిరిగొచ్చాక బైబిల్లో అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం మళ్లీ చదివాను. ఓడ పగిలి మెలితే (నేటి మాల్టా) ద్వీపానికి కొట్టుకొచ్చిన అపొస్తలుడు పౌలు బృందానికి, వానలో చలిలో, ముందుగా నిప్పు రాజేసింది ఆ ద్వీపవాసులు. ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి వాళ్లను మూడు రోజులు ఇంట్లో ఉంచుకున్నాడు. జ్వరంతో, రక్తభేదితో పడి ఉన్న అతని తండ్రి స్వస్థత సంగతి ఆ తర్వాతే వస్తుంది. లూకా సువార్త 10వ అధ్యాయంలోనూ, పెట్టినది తినమని యేసు శిష్యులతో అన్న మాట ముందు, రోగులను బాగుచేయమన్న మాట వెనుక. ఈ రెండు పుస్తకాలూ లూకా రాసినవేనని, అతడు వైద్యుడని సంఘం తొలినుంచీ నమ్ముతోంది. ఈ వరుస ఎన్నిసార్లు చదివినా నా కంట పడలేదు. నేను ఇవ్వడానికే వెళ్తున్నాననుకున్నాను మరి.

కాబట్టి వద్దనకండి. బయలుదేరే ముందే అక్కడి సంఘంతో మాట్లాడి, మీ భోజనాల సరుకులు వాళ్ల చేతుల మీదుగా ఆ ఇంటికి ముందే చేరేలా చూడండి. కవరులో డబ్బు పెట్టి ఇంటావిడ చేతిలో పెట్టకండి, అది ఆమె పెట్టిన అన్నానికి వెల కట్టినట్టవుతుంది. కూర్చునేటప్పుడు కంచాలు లెక్కపెట్టండి. ఆమె కంచం కనబడకపోతే, అది వచ్చేదాకా ఆగండి.