డ్రోన్ కోర్సా, జియోడెసీలో ఎంటెక్కా?

ప్రశ్న: మాది కర్నూలు. మా అబ్బాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. గేట్ రాసి జియోమాటిక్స్‌లో (సర్వే, మ్యాపుల ఇంజినీరింగ్) ఎంటెక్ చేస్తానని, అందులో జియోడెసీ ఇష్టమని అంటున్నాడు. భూమిని కొలిచే చదువుకి ఎంటెక్ దేనికి? డ్రోన్ పైలట్ కోర్సో, మూడు నెలల జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులు)-ఏఐ కోర్సో చేస్తే త్వరగా స్థిరపడతాడు కదా అని మా ఆలోచన. ఎండలో కర్ర పట్టుకుని తిరిగే ఉద్యోగం అవుతుందేమోనని భయంగా ఉంది. ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: ఏ కోర్సు మేలని అడిగారు గానీ, మీ బెంగంతా 'కర్ర పట్టుకుని' అన్న మాటలోనే ఉంది. సర్వేయరంటే గొలుసు లాగేవాడన్న పాత బొమ్మ మీ మనసులో నుంచి పోలేదు. ముందు ఆ కర్ర సంగతే చూద్దాం.

దాని తలమీద ఉండేది రోవర్, అంటే ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే పరికరం. తెర మీద 'ఫిక్స్డ్' (లెక్క కుదిరింది) అని, పక్కన తప్పు 2 సెంటీమీటర్లేనని చూపిస్తుంది. పనైపోయిందనుకుంటారు. నిజానికి రోవర్ కొలిచేది బేస్ (ఒకచోట కదలకుండా ఉంచే రెండో పరికరం) నుంచి తానెంత దూరంలో, ఎటువైపు ఉన్నానన్నదే. బేస్‌ను కంట్రోల్ పాయింట్ మీద, అంటే స్థానం ముందే కచ్చితంగా తెలిసిన గుర్తు మీద, పెట్టకుండా, ఉన్నచోటే బటన్ నొక్కి మొదలుపెడితే దాని స్థానమే రెండు మూడు మీటర్లు తప్పొచ్చు. ఆ తప్పు ప్రతి హద్దురాయికీ అంతే అంటుకుంటుంది. రాయికీ రాయికీ మధ్య దూరాలు సరిగ్గానే వస్తాయి కనుక ఆ రోజు ఎవరికీ అనుమానం రాదు. పక్క ఊరి సర్వేతో కలిపినప్పుడు పొలిమేరలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. అప్పుడు తప్పెక్కడుందో చెప్పగలిగేవాడే జియోడెసీ చదివినవాడు.

ఎత్తు సంగతి ఇంకా చిక్కు. మచిలీపట్నం ఒడ్డున రోవర్ పెడితే ఎత్తు మైనస్ పదుల మీటర్లు చూపిస్తుంది. పరికరం బాగానే ఉంది. ఉపగ్రహాలతో వచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ అనే లెక్కల ఉపరితలం నుంచి; సముద్రమట్టాన్ని అనుసరించే జియోయిడ్ మన దగ్గర దానికి బాగా కిందుంది. శ్రీలంకకు దక్షిణాన ఆ లోతు 100 మీటర్లు దాటుతుంది. పైగా ఈ తేడా చోటును బట్టి మారుతుంది. కిలోమీటరుకి 10 సెంటీమీటర్ల వాలున్న కాలువకి సవరించని ఎత్తులిస్తే వాలు లెక్క మొత్తం చెడుతుంది. మన దేశంలో చాలాకాలం ఎత్తులకు ఆధారంగా ఉన్న 1909 నాటి సముద్రమట్టం లెక్కలో విశాఖపట్నం కూడా ఒక కొలత కేంద్రం.

ఇక స్థానాలను దేన్నిబట్టి చెప్పాలన్నది: రిఫరెన్స్ సిస్టమ్, ఫ్రేమ్. సిస్టమ్ అంటే నియమాలు: మూలబిందువు భూమి ద్రవ్యరాశి కేంద్రం, అక్షాలు ఎటు, స్కేలు ఎంత. ఆ నియమాలను నేల మీద నిలబెట్టే స్టేషన్లు, వాటి స్థానాలు, వేగాలు కలిస్తే ఫ్రేమ్. అంతర్జాతీయ ఫ్రేమ్ ఐటీఆర్ఎఫ్ 2020 అలాంటిదే. వేగాలెందుకంటే మన దేశం ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. ఇరవై ఏళ్లకు మీటరు. ఏ తేదీ నాటి స్థానమో రాయకుండా అంకెలు మాత్రమే ఇస్తే వాటికి విలువ లేదు. పాత టోపోషీట్లు (నేల వివరాల మ్యాపులు) ఎవరెస్ట్ అనే పాత ఎలిప్సాయిడ్ మీదివి. వాటిని మార్చకుండా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మ్యాపు మీద పరిస్తే హైదరాబాద్ దగ్గర వంద మీటర్లకు పైగా తప్పుతాయి.

డ్రోన్ కోర్సు మీద నాకున్న సందేహం సూటిగా చెబుతాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే పైలట్ సర్టిఫికెట్‌కి అర్హత ఉన్నట్టే. బీటెక్ చదివినవాడికి అందులో ప్రత్యేకత ఏముంది? సర్వేలో ఎగరడం చాలావరకు ఆటోపైలట్ చూసుకుంటుంది. ఫొటోలను నేలకి కట్టేవి గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు, అంటే స్థానం కొలిచిన నేల గుర్తులు; అది మళ్లీ జియోడెసీ పనే. మూడు నెలల జీఐఎస్ కోర్సుల్లో చేరాలనుకుంటే డేటం (కొలతల ఆధారం) మార్పిడి, జియోయిడ్, లీస్ట్ స్క్వేర్స్ (కొలతల తప్పులను సర్దే లెక్క) ఎన్ని గంటలు చెబుతారో అడగండి. మాట దాటేస్తే డబ్బు కట్టకండి. అక్కడ నేర్పేది మ్యాపు మీద గీతలు గీసే పని. అందులో ఎదుగుదల తక్కువ.

ఎంటెక్‌కీ లోటు ఉంది. అచ్చంగా జియోడెసీ ఉద్యోగాలు తక్కువే, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తగ్గొచ్చు. కాబట్టి పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా రావాలి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్‌కి విడి పేపరుంది. ఐఐటీ కాన్పూర్, రూర్కీ, డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్ఎస్, హైదరాబాద్ జేఎన్‌టీయూ చూడండి. భూముల రీసర్వే, హైవేలు, గనులు, ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్సీ, సర్వే ఆఫ్ ఇండియా, అన్నిచోట్లా ఈ పని ఉంది. పిల్లవాడు ఖాళీగా కూర్చోడు, ఆ భయం వదిలేయండి.

ఒక్క మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మూడో సంవత్సరానికే ఫలానాది ఇష్టమని చెప్పగల పిల్లలు ఎంతమంది? 'భూమిని కొలిచే చదువు' అని అతని ముందు తీసిపారేసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి.

నిజంగా ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవాలంటే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం, వేయించండి. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర యూటీఎం జోన్ (మ్యాపుల కోసం భూమిని నిలువుగా విభజించిన పట్టీ) మారుతుంది. అనంతపురం 43లో, మీ కర్నూలు 44లో పడతాయి. అనంతపురం స్థానం అంకెలను జోన్ 44 అని తెరిస్తే ఆ ఊరు బంగాళాఖాతంలో తేలుతుంది. ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే గేట్ ఫీజు కట్టేయండి.