కౌన్సిల్ నుంచి సెనేట్ దాకా: ఐర్లండ్ లెక్క (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా అల్లుడు డబ్లిన్‌లో ఉంటాడు. అక్కడ సెనేటర్లను (పార్లమెంటు ఎగువ సభ సభ్యులను) ఎక్కువమందిని కౌన్సిలర్లే ఎన్నుకుంటారట. మన స్థానిక సంస్థల ఎమ్మెల్సీ లాంటిదేనా? – ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: పోలిక బాగానే పట్టారండీ. అయితే మన ఉమ్మడి విశాఖ జిల్లా స్థానిక సంస్థల స్థానానికి ఈ జిల్లా కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, జడ్పీటీసీలు, ఎంపీటీసీలే ఓటర్లు. ఐర్లండ్‌లో దేశమంతా కలిపి ఒకే ఓటర్ల జాబితా. 31 కౌన్సిళ్లలోని 949 మంది కౌన్సిలర్లు, కొత్తగా గెలిచిన దిగువ సభ సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు, అంతా కలిసినా 1,200 దాటరు. కార్క్ కౌన్సిలర్ సెనేటర్ కావాలంటే దేశం ఆ చివర డొనెగల్ కౌన్సిలర్ ఓటు కూడా అడగాలి. అందుకే అక్కడి అభ్యర్థి నెలల తరబడి కారేసుకుని కౌంటీ కౌంటీ తిరుగుతాడు. వాళ్ల వార్డు సమస్యలు తెలియకుండా వెళితే రెండో ప్రాధాన్యం ఓటు కూడా దక్కదు.

సెనేట్‌లో మొత్తం సీట్లు 60. ప్రధానమంత్రి నామినేట్ చేసేవి 11, యూనివర్సిటీ పట్టభద్రులవి 6. మిగతా 43 ఐదు ప్యానెళ్లకు, అంటే రంగాలవారీ జాబితాలకు: వ్యవసాయం 11, కార్మికం 11, పరిశ్రమలు-వాణిజ్యం 9, పరిపాలన 7, సంస్కృతి-విద్య 5. పోటీ చేసేవారికి ఆ రంగంలో పరిజ్ఞానమో అనుభవమో ఉండాలి. నామినేషన్‌కు దారులు రెండు. నలుగురు పార్లమెంటు సభ్యులు సంతకం చేయాలి (ఒక్కో సభ్యుడు ఒక్కరికే చేయగలడు), లేదా గుర్తింపు పొందిన సంఘం ఏదైనా పేరు ప్రతిపాదించాలి.

ప్రశ్న: గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలి? ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారు? – రాజకీయశాస్త్ర విద్యార్థిని, గాజువాక

జవాబు: ఇదే అసలు కిటుకు. ప్రతి ఓటరుకూ ఐదు బ్యాలెట్లు, ప్యానెల్‌కొకటి. 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయాలి. మన రాజ్యసభ లెక్కింపులో ఒక్కో ఓటుకు 100 విలువ కట్టినట్టు అక్కడ 1,000 కడతారు. చెల్లిన ఓట్లు 1,150 అనుకోండి, మొత్తం విలువ 11,50,000. సీట్లకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి మళ్లీ ఒకటి కలిపితే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన విలువ. 5 సీట్ల ప్యానెల్‌లో అది 1,91,667, అంటే 192 ఓట్లు. 11 సీట్ల ప్యానెల్‌లో 95,834, అంటే 96 ఓట్లు చాలు. ఐదు సీట్ల ప్యానెల్‌లో మొదటి రౌండ్‌లోనే ఒకరికి 200 వచ్చాయనుకుందాం. వాటి విలువ 2,00,000, కోటా పోగా మిగులు 8,333. దాన్ని 200తో భాగిస్తే, ఆ 200 పత్రాలూ తర్వాతి ప్రాధాన్యానికి ఒక్కొక్కటి 41 విలువతో వెళతాయి. చాలామంది నెగ్గేది ఇలా వచ్చిపడే చిల్లరతోనే.

దెబ్బతినేది మూడు చోట్ల. ఒకటి, రహస్య ఓటు కాబట్టి ‘మొదటి ప్రాధాన్యం మీకే’ అన్న మాటను లెక్కలో వేసుకోవడం. రెండు, ఓటు పోస్టులో వెళుతుంది. గుర్తింపు ధ్రువీకరణ పత్రం మీద అధీకృత అధికారి ఎదుట సంతకం లేకపోతే ఆ ఓటు చెల్లదు. మన ఎమ్మెల్సీ ఎన్నికలో అధికారి ఇచ్చిన వయొలెట్ పెన్ను కాకుండా సొంత పెన్ను వాడితే ఓటు పోయినట్టే ఇదీ. మూడోది చాలామంది ఊహించనిది. ప్యానెల్‌లో పార్లమెంటు సభ్యుల నామినేషన్లు ఒక వర్గం, సంఘాల నామినేషన్లు మరో వర్గం. ఒక్కో వర్గం నుంచి కనీసం ఇంతమంది గెలవాలన్న నియమం ఉంది. 5 సీట్లలో కనీసం ఇద్దరు చొప్పున. ఒక వర్గం నుంచి ముగ్గురు నెగ్గాక, ఆ వర్గంలో నాలుగో అభ్యర్థికి ఎన్ని ఎక్కువ ఓట్లున్నా ఇంటిదారే. నామినేషన్ ఏ దారిలో వేయాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలనడం ఇందుకే.

ప్రశ్న: ఈ దారిలో నిజంగా నడిచినవాళ్ల ఉదాహరణ చెప్పగలరా? – సీతమ్మధార నుంచి

జవాబు: ఐర్లండ్ నేత జెర్రీ బటిమర్. 2004లో కార్క్ సిటీ కౌన్సిల్‌కు, 2007లో సెనేట్‌కు, 2011లో దిగువ సభకు ఎన్నికయ్యారు. 2016లో దిగువ సభ సీటు పోయింది, అదే ఏడాది సెనేట్‌కు తిరిగొచ్చారు. 2022లో సెనేట్ అధ్యక్షుడయ్యారు, 2024లో మళ్లీ దిగువ సభకు గెలిచారు. దిగువ సభ ఓట్లయ్యాకే సెనేట్ ఓట్లు జరుగుతాయి కాబట్టి ఓడినవారికి వెంటనే రెండో తలుపు తెరిచే ఉంటుంది. ఎదురు ప్రయాణాలూ ఉన్నాయి. తర్వాత ఐర్లండ్ అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్ 1969లోనే సెనేటరై, 1979లో డబ్లిన్ కౌన్సిల్‌కు వెళ్లారు. ఇప్పుడది కుదరదు. 2004 స్థానిక ఎన్నికల నుంచి రెండు పదవులూ ఒకరికే ఉండకూడదు. సెనేటరైన రోజే కౌన్సిల్ సీటు ఖాళీ, దానికి ఉప ఎన్నిక ఉండదు, కౌన్సిలే మరొకరిని సభ్యుడిగా చేర్చుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంకా ఐర్లండ్ పౌరసత్వం రాలేదు. కౌన్సిల్‌కు నిలబడొచ్చా? – మధురవాడ నుంచి ఒక తల్లి

జవాబు: నిలబడొచ్చమ్మా. అక్కడ స్థిరంగా నివసిస్తూ 18 ఏళ్లు నిండితే చాలు, పౌరసత్వంతో పనిలేదు. స్థానిక ఎన్నికల్లో ఓటూ ఉంటుంది, అయితే ఓటర్ల జాబితాలో పేరు చేర్పించుకోవాలి. పార్టీ తరఫున అయితే పార్టీ ధ్రువపత్రం కావాలి. స్వతంత్రంగా అయితే 15 మంది ఓటర్ల సమ్మతి, లేదా 100 యూరోల డిపాజిట్. ఒక్కో ఎన్నికల ఏరియా నుంచి సాధారణంగా 5 నుంచి 7 మంది గెలుస్తారు కాబట్టి కొత్తవారికి మన ఒక్క సీటు వార్డు కంటే అవకాశం ఎక్కువే. సెనేట్‌కు మాత్రం పౌరసత్వం, 21 ఏళ్లు తప్పనిసరి.