చేరేటప్పుడు దాచిన క్వార్టర్ మూడో రాత్రి బయటపడుతుంది

ప్రశ్న: మా వారి వయసు 46. తాపీ పని చేస్తారు. పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మూడో రోజు రాత్రి చేతులు వణుకుతూ, గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ సెలైన్ సూది పీకేసుకున్నారు. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆయనకు పదేళ్లుగా రోజూ క్వార్టర్ తాగే అలవాటుంది. ఆసుపత్రిలో అడిగితే ఎప్పుడైనా పండక్కి అని చెప్పాం. ఇంటికొచ్చి పది రోజులైంది. నొప్పి మాత్రలు వాడుతూనే రాత్రిపూట మళ్లీ తాగుతున్నారు. మత్తుమందు ఎక్కువై మెదడు దెబ్బతిందా? తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానిపించే పొడి ఉందంటున్నారు, వాడవచ్చా?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకంటే, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయమే, నొప్పి మాత్రలు వాడుతూ తాగడమే, నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మాత్రల పేర్లు మీరు రాయలేదు. అవి ట్రమడాల్ రకానికి చెందినవైతే మద్యంతో కలిసినప్పుడు మత్తు పెరిగి శ్వాస మందగించవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. డైక్లోఫెనాక్ వంటివైతే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. పారాసెటమాల్ కూడా రోజూ తాగేవారి కాలేయానికి ఎంత మోతాదు వరకు ఫరవాలేదో డాక్టరే చెప్పాలి. కాబట్టి ముందు ఆ మాత్రల సంగతి మీ సర్జన్‌తో మాట్లాడండి.

మత్తుమందు గురించి మీ అనుమానానికి వస్తే, దాని ప్రభావం సాధారణంగా మూడో రోజు దాకా ఉండదు. కేస్ షీట్ చూడకుండా నేను నిర్ధారించలేను. తొడ ఎముక విరిగినప్పుడు కొవ్వు రేణువులు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, మెదడుకు చేరినా, ఇన్ఫెక్షన్ సోకినా, సోడియం తగ్గినా మనిషి అయోమయంలో పడవచ్చు. అయితే రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోవడం, మూడో రోజు వణుకు, లేని చీమలు కనిపించడం, ఈ వరుస చూస్తే మద్యం ఆగినందువల్ల వచ్చిన తీవ్రమైన సన్నిపాత స్థితి (మతి తప్పి, లేనివి కనిపించే డెలిరియం) అనే అనుమానమే బలంగా కలుగుతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరిలో ఈ స్థితి వస్తుంది, వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం కూడా కావచ్చు.

క్వార్టర్ అంటే చిన్న విషయమని మీరు అనుకుని ఉండవచ్చు. 180 మిల్లీలీటర్ల బ్రాందీలోనో విస్కీలోనో సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. పదేళ్లపాటు ప్రతి రాత్రీ అంత తీసుకున్న మెదడు దానికి అలవాటుపడి, అది హఠాత్తుగా అందకపోతే అదుపు తప్పుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి లక్షణాలతో వచ్చినవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆసుపత్రి మంచం కూడా తాగేవారికి అలాంటి లాక్‌డౌనే.

మా వార్డులో మద్యం అనే పేరుతో చేరేవారు తక్కువ. విరిగిన కాలు, కడుపునొప్పి, బీపీ, తగ్గని పుండు అనే పేర్లతో చేరతారు. తాగుతారా అని అడిగితే రోగి 'ఎప్పుడైనా' అంటాడు, మంచం పక్కన నిలబడ్డ భార్య చూపు నేల మీదికి దిగుతుంది. నేను ఆ చూపును నమ్ముతాను, ఆమెను వరండాలోకి పిలిచి మళ్లీ అడుగుతాను. అందరికీ ఆ తీరిక దొరకదు. పరువు పోతుందనో, బీమా డబ్బు రాదనో దాచడం మీ ఒక్కరి తప్పు కాదు, కానీ ఇందులో మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. రోజూ క్వార్టర్ అని ముందే చెప్పి ఉంటే మొదటి వణుకు కనిపించినప్పుడే లోరాజెపామ్ వంటి మందు మొదలుపెట్టేవారు, గ్లూకోజ్ ఎక్కించేముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఆ విటమిన్ లోపించిన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంది. అత్యవసరం కాని ఆపరేషన్లయితే నాలుగు వారాల ముందే మాన్పించి, ఆ తర్వాత చేయడం మేలు.

పొడి విషయంలో నా మాట ఒక్కటే: కలపవద్దు. అందులో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు. కొన్నింటిలో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మందు కలిసి ఉండే అవకాశం లేకపోలేదు. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్రను రోగికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే, పరీక్షలు చేసి డాక్టర్లు ఇస్తారు.

అలాగని ఈ రాత్రి నుంచే సీసా లాక్కుని ఇంట్లో మాన్పించే ప్రయత్నమూ చేయవద్దు. ఒకసారి ఈ స్థితి వచ్చినవారికి మళ్లీ హఠాత్తుగా ఆపితే మరింత తీవ్రంగా రావచ్చు. మానడం డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి. దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రి సైకియాట్రీ విభాగంలో చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈలోగా మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మాత్రల రేకులు వెంట తీసుకెళ్లండి, రోజూ క్వార్టర్ అన్న మాట ఈసారి మీరే ముందుగా చెప్పండి.