టెక్ సందేహాలు: వీడియో పూర్తయింది, పని మాత్రం రాలేదు

ప్రశ్న: కొత్తగా చేరిన ఉద్యోగులకు ఇచ్చే శిక్షణను ఆన్‌లైన్‌కు మార్చాం. క్లాసులు రికార్డు చేసి ఒక్కొక్కటి 50 నిమిషాల వీడియోలుగా పెట్టాం. రిపోర్టులో అందరికీ ‘పూర్తయింది’ అనే వస్తోంది. సీట్లో కూర్చున్నాక మాత్రం మొదటి వీడియోలో చెప్పిందే మళ్లీ అడుగుతున్నారు. మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొంటే ఫలితం ఉంటుందా?

జవాబు: కొనకండి. లోపం ఎడిటింగ్‌లో లేదు. ‘పూర్తయింది’ అంటే వీడియో చివరిదాకా నడిచిందనే అర్థం. స్క్రీన్ ముందు మనిషి ఉన్నాడో లేదో ఆ రిపోర్టుకు తెలియదు.

పరిశోధకుడు ఫిలిప్ గువో బృందం 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సులకు చెందిన 69 లక్షల వీక్షణ సెషన్లను పరిశీలించింది. వీడియో ఎంత పెద్దదైనా సగం సెషన్లు 6 నిమిషాల్లోపే ఆగిపోయాయి. అలాగని మీ రికార్డింగులను ముక్కలు చేసి పెట్టినా సరిపోదు. తరగతిలో తీసిన పాఠాన్ని తర్వాత ముక్కలు చేస్తే, చిన్న వీడియో కోసమే తయారు చేసిన పాఠమంత శ్రద్ధగా చూడటం లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి స్క్రిప్టు కొత్తగా రాసుకోవాల్సిందే.

రాసే ముందు ఒక కాగితం మీద ‘ఇది చూశాక ఆ ఉద్యోగి ఏ పని సొంతంగా చేయగలగాలి?’ అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ‘రీఫండ్ పాలసీపై అవగాహన’ అని రాస్తే పాఠం ఎటూ పోదు. ‘కస్టమర్ డబ్బు వాపసు అడిగితే, అర్హత చూసి ఎంట్రీ చేయగలగాలి’ అని రాస్తే ఏం చూపించాలో, ఏం వదిలేయాలో అప్పుడే తేలిపోతుంది. కంపెనీ చరిత్ర, డైరెక్టర్ సందేశం ఈ పాఠంలో అక్కర్లేదు.

తర్వాత ముఖ్యమైన సంగతి ప్రశ్నలు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటిపోయారు. వీడియో అవ్వగానే పెట్టే క్విజ్‌లో మంచి మార్కులొచ్చి, పనిలో తడబడటానికి ఇదొక కారణం. అందుకే పాఠం మధ్యలో ఒకసారి అడగండి, వారం తర్వాత మరో మూడు ప్రశ్నలు పంపండి.

దీనికి హెచ్‌5పి అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, ఓపెన్ సోర్స్. వీడియో మీరు చెప్పినచోట ఆగి ప్రశ్న అడుగుతుంది. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ అనే వేదికలో అది ముందే ఉంటుంది. తప్పు ఆప్షన్లు మాత్రం ఊహించి రాయకండి. కొత్తవాళ్లు నిజంగా ఏం పొరపాట్లు చేస్తారో టీమ్ లీడర్లను అడిగి, వాటినే ఆప్షన్లుగా పెట్టండి. ఎవరైనా తప్పు నొక్కితే ‘తప్పు’ అని వదిలేయకుండా, అలా చేస్తే తర్వాత ఏమవుతుందో రెండు వాక్యాల్లో చెప్పండి. నా దృష్టిలో మొత్తం కోర్సులో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఆ రెండు వాక్యాల మీదే. పక్కన ఎవరూ లేని మనిషికి గురువు గొంతు వినిపించేది అక్కడే.

అరుదుగా అవసరమయ్యే కోడ్‌లు, ఫారాలు పాఠంలో పెట్టకండి. ఒక పేజీ చెక్‌లిస్టు ఇచ్చి, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

ప్రశ్న: నేను తయారు చేసిన స్కార్మ్ ప్యాకేజీని (వేర్వేరు వేదికల్లో నడిచేలా జిప్ చేసిన కోర్సు) ఎల్ఎమ్ఎస్‌లో (మూడుల్ లాంటి కోర్సులు నడిపే వేదిక) అప్‌లోడ్ చేస్తే ‘మానిఫెస్ట్ లేదు’ అంటోంది. ఇంకో పెద్ద కోర్సు అప్‌లోడ్ అయింది కానీ, సగంలో ఆపి మళ్లీ తెరిస్తే ఆపినచోటికి వెళ్లడం లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ తేలిగ్గా తీరేవే. కోర్సులో ఏ ఫైళ్లున్నాయో ఎల్ఎమ్ఎస్‌కు చెప్పేది మానిఫెస్ట్ ఫైలు. జిప్ తెరవగానే అది పైనే కనిపించాలి. మీరు బహుశా ఫోల్డర్‌ను జిప్ చేసి ఉంటారు, దాంతో అది ఒక మెట్టు లోపలికి పోయింది. ఫోల్డర్‌లోకి వెళ్లి, ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి, వాటిని జిప్ చేయండి.

రెండోది స్కార్మ్ 1.2 పరిమితి కావచ్చు. నేర్చుకునే వ్యక్తి ఎక్కడిదాకా వచ్చాడన్న సమాచారానికి అందులో ఇచ్చిన చోటు 4,096 అక్షరాలే. స్లైడ్లు, క్విజ్‌లు పెరిగితే అది నిండిపోతుంది. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో 64,000 దాకా ఉంటుంది, మీ ఎల్ఎమ్ఎస్ తీసుకుంటే దానిలో పబ్లిష్ చేయండి. మూడుల్ అయితే 1.2లోనే ఉండి, కోర్సును చిన్న ప్యాకేజీలుగా విడగొట్టండి. నేనైతే ఏ ఎల్ఎమ్ఎస్ అయినా విడగొట్టమనే చెబుతాను, నేర్చుకునేవాళ్లకూ అదే హాయి.

ప్రశ్న: టీచర్‌ని. నా విద్యార్థుల్లో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు, డేటా తక్కువ. పాఠం ఎలా పంపాలి?

జవాబు: మొదట వాళ్ల గురించి ఆలోచించినందుకు సంతోషం. స్లైడ్ల వీడియోకు 480పి రిజల్యూషన్ సరిపోతుంది, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కుదించవచ్చు. కానీ స్లైడ్‌లో అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో తెరిచి చూసుకోండి. బొమ్మ అవసరం లేని పాఠాన్ని ఆడియోగానే ఇవ్వండి. 64 కేబీపీఎస్ మోనోలో నిమిషానికి అర ఎంబీ కూడా కాదు, మాట స్పష్టంగానే వినిపిస్తుంది.

నోట్సును ఫొటో తీసి పంపవద్దు. యూనికోడ్‌లో టైపు చేస్తే ఫైలు బరువు తగ్గుతుంది, వెతుక్కోవచ్చు, చూపు లేని పిల్లలకు స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. వీడియోలకు సబ్‌టైటిల్స్‌ను వేరే వీటీటీ ఫైలుగా (ఏ మాట ఎప్పుడు కనిపించాలో రాసి ఉండే టెక్స్ట్ ఫైలు) జతచేయండి. తర్వాత ఒక మాట తప్పని తెలిస్తే వీడియో మళ్లీ చేయకుండా ఆ ఫైలు దిద్దితే చాలు.