పి-విలువ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

ప్రశ్న: వైద్య పరిశోధనలో పి-విలువ 0.05 కన్నా తక్కువైతే చాలంటారు. భౌతిక శాస్త్రంలో ‘ఐదు సిగ్మా’ కావాలంటారు. ఈ తేడా ఎందుకు? పి-విలువ 0.03 వస్తే, మందు పనిచేయని అవకాశం 3 శాతమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదు. ముందుగా రెండో ప్రశ్న చూద్దాం, ఎందుకంటే ఈ పొరపాటు బాగా చదువుకున్నవారిలోనూ కనిపిస్తుంది. మందుకు అసలు ప్రభావమే లేదనుకుంటే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ కనిపించే అవకాశం 3 శాతం అని మాత్రమే ఆ అంకె చెబుతుంది. మందు పనిచేస్తుందా అన్నది తేల్చాలంటే ప్రభావం ఎంత, ఎంతమందిని పరీక్షించారు, మునుపటి ఆధారాలు ఏమంటున్నాయి అన్నవి కూడా చూడాలి. ఇలాంటి అపోహలను తొలగించడానికి అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే వెలువరించింది.

ఇక హద్దుల సంగతి. 0.05 ప్రకృతి నియమమేమీ కాదు. 1920లలో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ సౌకర్యం కోసం సూచించిన గీత. ఏ ప్రభావమూ లేని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 అంశాలను ఈ హద్దుతో పరీక్షిస్తే, కనీసం ఒక్క తప్పుడు ‘ఫలితం’ దొరికే అవకాశం సుమారు 64 శాతం! కణ భౌతిక శాస్త్రంలో వెతికే చోట్లు ఎన్నో ఉంటాయి కనుకనే అక్కడ గీత కఠినం. 2012 జులై 4న సెర్న్ అనే ఐరోపా కణ భౌతిక ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణాన్ని ప్రకటించింది ఐదు సిగ్మా, అంటే కొత్త కణమేదీ లేకున్నా యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి అన్న స్థాయికి చేరాకే. మనిషి జన్యు సమాచారమంతా గాలించే అధ్యయనాల్లో ఆ హద్దు 2 కోట్లలో ఒకటి. కణాలు ఢీకొన్న కోట్ల సందర్భాలను నమోదు చేసినట్టు రోగులను పరీక్షించలేం కాబట్టి, వైద్యంలో మరో స్వతంత్ర పరీక్షలోనూ అదే ఫలితం రావడాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను.