పైకప్పు కొటేషన్లు చూసేముందు

అల్లుడికి ఆశీస్సులు.

మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన మూడు కొటేషన్లూ చూశాను. అందరికంటే తక్కువ రాసినవాడికే ఇచ్చేద్దామంటున్నావట. ఆగరా. ముగ్గురూ కొలిచింది ఒకే కప్పునా కాదా, ముందు అది చూడు.

మొదటివాడు 1,000 చదరపు అడుగులు వేశాడు, రెండోవాడు 1,300. రెండోవాడు ఎక్కువ చేసి రాశాడనుకున్నావు కదా? మొదటివాడు కొలిచింది కింద నేలని. పెంకుటింటి కప్పు వాలుగా ఉంటుంది. వాలు 30 డిగ్రీలుంటే 1,000 అడుగుల నేలకి పైన దాదాపు 1,155 వస్తుంది. గోడ దాటి వచ్చిన చూరు కలిపితే ఇంకా పెరుగుతుంది. సగం పనయ్యాక ఆ మొదటివాడే "కొలతలు పెరిగాయండీ" అంటూ వస్తాడు. అప్పటికి ఇంటి మీద పెంకు ఉండదు, నువ్వు కాదనలేవు. అడుగు రేటుతో సరిపెట్టుకోక, ఏ కొలతకి మొత్తం ఎంతో రాయించు.

మూడోవాడు పెంకు తీసేసి స్లాబ్ వేస్తానన్నాడు. మరి గోడల సంగతో? మీ తాతయ్య కట్టించినవి మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు. అయిదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి 300 కిలోలు దాటుతుంది. పెంకూ కర్రా కలిపినా అందులో మూడో వంతు ఉండదు. గోడ గీకి చూడకుండా, ఇంజనీరుని పిలవకుండా స్లాబ్ రేటు చెప్పినవాడి కాగితం పక్కన పడెయ్.

రెండోవాడు "పుచ్చిన వాసాలు విడిగా, ఒక్కోటి ఇంత" అని రాశాడు. అది నాకు నచ్చింది. పెంకు దింపితే గానీ ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు. అయినా నువ్వు నిచ్చెన వేసుకుని, వాసం గోడ మీద కూర్చునే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. చెద పట్టిన కర్ర పైకి నున్నగానే ఉంటుంది. మొన మాత్రం సర్రున దిగి పొడి రాలుతుంది.

పాత కర్ర ఎవరిదో కూడా రాయించు. మా ఇంటి కప్పు మార్చినప్పుడు నేను ఈ ఒక్కటీ మరిచాను. భోంచేసి వచ్చేసరికి టేకు దూలాలు ట్రాక్టర్ ఎక్కేశాయి. "దింపిన కూలి కింద అవి మాకేనండీ, అంతటా ఇంతే" అన్నాడు మేస్త్రి. మీ అత్తయ్య ఇప్పటికీ పండగొస్తే ఆ దూలాల లెక్క అప్పజెబుతుంది.

మంగుళూరు పెంకులైతే 100 చదరపు అడుగులకి సుమారు 150 పడతాయి. పాతవాటిలో ఎన్ని తిరిగి వాడతాడో, దింపేటప్పుడు పగిలినవి ఎవరి ఖాతాలోకో అడుగు. పెంకుని వేలితో కొడితే ఖంగుమనాలి, బొంగురుగా మోగితే లోపల బీట ఉన్నట్టు. కప్పు విప్పాక వాన పడితే టార్పాలిన్ ఎవరు కప్పుతారన్నదీ కాగితం మీదే ఉండాలి. జూన్ దగ్గరికొచ్చేసింది. అడ్వాన్సు పెంకూ కర్రా ఇంటి ముందు దిగాకే ఇవ్వు, కొంత సొమ్ము మొదటి గట్టి వాన దాటేదాకా నీ దగ్గరే ఉంచుకో. దీనికి ఒప్పుకోనివాడితో టెన్షన్ తప్పదు.

ఆదివారం రెండోవాడిని ఇంటికి రమ్మను. నేను పొద్దున బస్సుకి వస్తాను. టేపు నా దగ్గరుంది, నిచ్చెన నువ్వు చూసిపెట్టు.

మీ మావయ్య