కొండకింది ఊరి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ నైనితాల్ వ్యాసం చదివాను. వాక్యం మీద నీకు పట్టు దొరికింది, సంతోషం. కానీ ఆ కొండకింద ఉన్న కాఠ్‌గోదామ్ గురించి నువ్వు రాసింది ఒకటే ముక్క: రైలు దిగాం, టాక్సీ ఎక్కాం. ఢిల్లీ నుంచి రాత్రంతా నడిచిన రైలు సరిగ్గా అక్కడే ఎందుకు ఆగిపోయిందని నీకు అనుమానం రాలేదా? నన్నడిగితే నువ్వు రాయాల్సింది ఆ ఊరి గురించే. నైనితాల్ సరస్సు మీద ఇప్పటికే చాలామంది రాశారు, పడవ ఫొటోలతో సహా.

చిన్న ఊరి కథ ఎత్తుకునేటప్పుడు దొరలతో మొదలుపెట్టకు. ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందని ముందు నేలను చూడు. హిమాలయం దిగిన ఏరు వాలు తగ్గగానే తను మోసుకొచ్చిన బండలూ గులకరాళ్లూ కొండ మొదట్లోనే దించేస్తుంది. ఆ రాళ్లమేటని భాభర్ అంటారు, వెడల్పు సుమారు 8 నుంచి 16 కిలోమీటర్లు. చిన్నచిన్న వాగులు అందులోకి ఇంకిపోయి కంటికి కనబడవు. ఇంకా కిందికి పోయాక, మెత్తటి మట్టి తగిలేసరికి, ఊటలై పైకి తేలతాయి. ఆ చిత్తడి నేల తరాయి. అంటే ఒకప్పుడు భాభర్‌లో తాగడానికి నీళ్లుండేవి కావు, తరాయిలో నీళ్లున్నా మలేరియా బతకనిచ్చేది కాదు. ఇక మనిషి నిలదొక్కుకోవాలంటే గౌలా లాంటి నది కొండల్లోంచి బయటపడే చోట, ఆ నీటిని మళ్లించుకోగలిగిన చోట ఉండాలి. హల్ద్వానీ, దాని పైన కాఠ్‌గోదామ్ ఉన్నది అక్కడే.

1834లో ట్రెయిల్ అనే కమిషనర్ హల్ద్వానీని స్థాపించాడని పుస్తకాల్లో చదువుతావు. అది నిజమే, కానీ దాన్ని అలాగే దించేస్తే గెజిట్ అవుతుంది. ఆయన పెట్టించింది ఒక మండీ, అంటే సంత. ఎవరి కోసం? చలి ముదరగానే పశువుల్ని తోలుకుని కుమావూఁ కొండల మీంచి భాభర్‌కి దిగే జనం కోసం. ఎండలు వచ్చి, దోమ లేవకముందే వాళ్లు మళ్లీ పైకి వెళ్లిపోయేవాళ్లు. మొదట్లో అది చలికాలపు ఊరన్నమాట. దాన్ని ఏడాది పొడుగునా ఉండే ఊరిగా మార్చినవి కాలువలూ, రైలూ, ఆ తర్వాత దోమల మందూ.

కాలువల దగ్గర కాస్త ఆగు. 1856 నుంచి 1884 దాకా కుమావూఁ కమిషనర్‌గా ఉన్న హెన్రీ రామ్సే భాభర్‌లో కాలువలు కట్టించాడు. తవ్వించాడని రాయకు, కట్టించాడనే రాయి. ఆ నేలలో ఉత్త మట్టికాలువ తీస్తే నీరంతా దారిలోనే ఇంకిపోతుంది, అందుకే రాతి కట్టుబడి. ఇప్పుడు హల్ద్వానీలో ‘నహర్ కవరింగ్ రోడ్’ అని అడ్రసు చెప్తారు. కాలువను కప్పేసి రోడ్డు వేశారు, పేరు మాత్రం మిగిలింది.

రైలు 1884లో వచ్చింది. హల్ద్వానీ నుంచి కాఠ్‌గోదామ్ 7 కిలోమీటర్లు కూడా ఉండదు, ఆ కాస్త దూరానికే చాలా ఎత్తు ఎక్కాలి. ఆపైన నిట్టనిలువు కొండ. కొండల మీంచి దిగిన కలప అక్కడే రైలెక్కింది, పైకి పోయే సరుకు అక్కడే దిగింది.

ఈ చుట్టుపక్కల దోచుకున్న సుల్తానా డాకూని 1924లో ఉరితీశారు కదా, దాంతో మొదలుపెట్టనా అని అడిగావు. వద్దు. బందిపోటు అడుగుపెడితే ఊరు వెనక్కి పోతుంది. వేటగాడు జిమ్ కార్బెట్ పులుల సంగతీ అంతే. నీ వ్యాసంలోని ‘దేవభూమి’, ‘ప్రకృతి ఒడి’ కూడా పెన్సిల్‌తో కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

వానలు తగ్గాక గౌలాలోకి దిగి చూడు. నదిలో వరసగా డంపర్లు, ట్రాక్టర్లు. ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో విసురుతారు: ఇసుక అవతలికి రాలుతుంది, గులక ఇవతల జారుతుంది, పెద్ద రాళ్లు చేత్తో ఏరి పక్కన వేస్తారు. భాభర్ అంటే ఏమిటో పుస్తకం కన్నా ఆ మూడు కుప్పలు బాగా చెప్తాయి. 2021 అక్టోబరు వానలకు ఇదే గౌలా గట్టుని కోసేసి, కాఠ్‌గోదామ్ దారిలో రైలుపట్టాల కింద నేల లేకుండా చేసింది. తవ్వకం వల్లే అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు, వాన వల్లే అని సర్దిచెప్పకు. రైల్వే ఇంజనీర్నీ, జల్లెడ పట్టే మనిషినీ, ఇద్దర్నీ అడిగాకే రాయి.

మార్చిలో మళ్లీ వెళ్తానన్నావుగా, ఈసారి స్టేషన్ దగ్గరే లాడ్జి తీసుకో. పైన జమరానీ దగ్గర ఆనకట్ట కడతామని 1970ల నుంచీ అంటూ వచ్చారు. ఆ నీళ్లు ఎవరికి, మునిగే పొలాలు ఎవరివి అన్నది అక్కడి టీకొట్లో కూర్చుంటే తెలుస్తుంది. కొత్త ప్రతి వాట్సాప్‌లో పెట్టకు, నా కళ్లు ఆగవు. ప్రింటు తీసి, అటూ ఇటూ మార్జిన్ వదిలి, పోస్టు చెయ్యి.

ఉంటాను,
మాస్టారు